మోట బాయి మీది గిరక

స్థిర కప్పీతో బలం కలిసిరాదు, దాని యాంత్రిక లాభం 1, అది బలం దిక్కును మారుస్తుంది, అంతే. భౌతికశాస్త్రం చెప్పిన నా ఉద్యోగకాలమంతా పిల్లల చేత ఈ మాట రాయించాను. పరీక్షలో అది రాస్తే మార్కులు పడతాయి, శాస్త్రం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ పాలమూరు జిల్లాలో మా ఊరు, చుట్టుపక్కల ఊళ్లు కొన్ని తరాల పాటు బాయి కింద పండించుకున్న ప్రతి గింజా ఆ దిక్కు మార్పు వల్లనే పండింది. దిక్కు మారడం చిన్న విషయం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అందుకు మోట కంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఇప్పటి పిల్లలు మోటను చూడలేదు. ముందు దాన్ని మాటల్లో కట్టి చూపిస్తాను. వెడల్పాటి తెరిచిన బాయి. ఒక అంచున రెండు రాతి కంబాలు, నీళ్ల వైపు కొద్దిగా వంగి ఉంటాయి. వాటి నడుమ, పైన, పెద్ద కర్ర గిరక. కంబాల మొదట్లో నీళ్లు పడే రాతి తొట్టి, ఆ తొట్టి అంచున అడ్డంగా తిరిగే ఒక గుండ్రటి దుంగ. దాన్ని కింది గిరక అనుకుందాం. తొట్టి నుంచి చేలోకి కాలువ. తొట్టికి ఇవతల, బాయికి దూరంగా పోతూ పోతూ నేలలోకి దిగే వాలు దారి, అదే మోట దారి. ఆ దారిలో ఒక జత ఎద్దులు, వాటి కాడికి రెండు తాళ్లు. లావు మోకు పై గిరక మీదుగా పోయి బొక్కెన మూతికి కట్టి ఉంటుంది. సన్న తాడు కింది గిరక మీదుగా పోయి బొక్కెన అడుగున వేలాడే తోలు తొండం కొసకు కట్టి ఉంటుంది. రాయలసీమలో దీన్నే కపిల అంటారు. బాయి పెద్దదైతే రెండు మోటలు, నాలుగు మోటలు పక్కపక్కన నడిచేవి. బాయి ఎంతటిదో చెప్పాలంటే గజాలు చెప్పేవాళ్లు కాదు, రెండు మోటల బాయి, నాలుగు మోటల బాయి అనేవాళ్లు.

ఈ రెండు తాళ్ల కథ నిదానంగా చెప్పాలి, మోటలో అసలు తెలివి అక్కడుంది. బొక్కెన అంటే అడుగున్న బాల్చీ కాదు. పైన ఇనుప కడియంతో వెడల్పాటి మూతి, కింద సన్నబడుతూ పోయి రెండు వైపులా తెరుచుకున్న తోలు గొట్టం. అడుగు లేని పాత్రలో నీళ్లెలా నిలుస్తాయి? తొండం కొసను సన్న తాడు పైకి మడిచి, బొక్కెన మూతితో సమానమైన ఎత్తులో పట్టి ఉంచుతుంది. గొట్టం కొస మూతి ఎత్తున ఉన్నంతసేపు నీళ్లు బయటికి రావు. రెండు తాళ్లూ ఒకే కాడికి కట్టి ఉన్నాయి కనుక ఎద్దులు ఒక అడుగు నడిస్తే రెండూ ఒక్కొక్క అడుగు లేస్తాయి, మడత చెక్కుచెదరదు. కింది గిరక దగ్గరికి వచ్చేసరికి దారులు వేరవుతాయి. తొండం కొస ఆ దుంగ మీదుగా అడ్డంగా తొట్టిలోకి లాగబడుతుంది. బొక్కెన మాత్రం పై గిరక వైపు ఇంకా నిలువుగా లేస్తుంది. మడత విప్పుకుంటుంది, కొస కిందికి, మూతి పైకి అవుతుంది, నీళ్లన్నీ తొట్టిలోకి ఒక్కసారిగా దుముకుతాయి. బొక్కెనను ఒంచడానికి బాయి అంచున మనిషి అవసరం లేదు. ఎద్దుల వెంట ఉన్నవాడే తోడేవాడు, ఒలికేవాడు.

రెండు గిరకలు, రెండు ఎత్తులు, రెండు తాళ్ల పొడవుల్లో సరైన తేడా. స్విచ్చు లేదు, తలుపు లేదు, బిళ్ల లేదు. తాళ్ల పొడవు జానెడు తేడా వచ్చినా పని చెడుతుంది. సన్న తాడు వదులైతే తొండం దారిలోనే జారి నీళ్లన్నీ బాయిలోకే పోతాయి, బిగుతైతే బొక్కెన సగమే నిండుతుంది. కొత్త తాడు నానితే ఒక తీరు, ఎండితే ఒక తీరు. మా తాత మోట కట్టిన రోజు మొదటి నాలుగైదు బొక్కెనలు తాళ్లు సరిచూసుకోవడానికే తోడేవాడు.

దీని పక్కన బాబరు మాట ఒకటి పెట్టి చూడాలి. 1526లో ఇబ్రహీం లోడీని గెలిచి ఆగ్రా చేరిన బాబరు తన జ్ఞాపకాల గ్రంథంలో హిందుస్థాన్ బావులను వర్ణించాడు. లాహోరు, దీపాల్‌పూర్ వైపు కుండల దండ తిరిగే చక్రం ఉందన్నాడు. ఆగ్రా, చాంద్‌వార్, బయానా ప్రాంతాల్లో బావి అంచున పంగల కర్ర పాతి, దాని నడుమ దుంగ అమర్చి, దాని మీదుగా పెద్ద బొక్కెన తాడు వేసి ఎద్దుతో లాగిస్తారన్నాడు. ఒకడు ఎద్దును తోలాలి, ఇంకొకడు బొక్కెన ఒంపాలి. ఆ పద్ధతి ఆయనకు నచ్చలేదు. ఎద్దు తిరిగి వచ్చినప్పుడల్లా తాడు పేడలో మూత్రంలో ఈడ్చుకుంటూ వచ్చి మళ్లీ బావిలో పడుతుంది, శ్రమ ఎక్కువ, మురికి ఎక్కువ అని రాశాడు. ఆయన చూసినదీ గిరక మోటే, కానీ అందులో తొండం లేదు, రెండో తాడు లేదు. మా వైపు మోటలో ఆయన ఎత్తిచూపిన రెండు లోపాలకూ జవాబుంది. ఒంపేవాడి పని తొండం చేస్తుంది. ఎద్దులను విప్పి తిప్పకుండా వాలు పైకి వెనక్కి నడిపిస్తారు కనుక వట్టి బొక్కెన బరువుకు మోకు బిగిసే ఉంటుంది, నేల మీద పడి ఈడ్చుకోదు. ఎద్దు వెనక్కి నడవడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. కోడెకు అది నేర్పడానికి మా తాత పెద్ద ఎద్దును జతకట్టి, తొట్టిలోకి నీళ్లు పడే చప్పుడే దానికి గుర్తుగా అలవాటు చేసేవాడు. ఆ చప్పుడు వినగానే జత రెండూ ఆగి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి అడుగేసేవి.

ఇక దిక్కు మార్పు లెక్క చూద్దాం. బొక్కెనలో 150 లీటర్ల నీళ్లు పట్టాయనుకుందాం, అంటే 150 కిలోల బరువు. నీళ్లు 30 అడుగుల లోతున ఉన్నాయనుకుందాం. గిరక లేకుండా ఆ బరువును నిలువుగా పైకి లాగాలంటే లాగేవాడు బాయి పైన నిలబడి మీదికి గుంజాలి. ఎద్దుకు మీదికి గుంజే అవయవం లేదు. ఎద్దు ముందుకు నడవగలదు, మెడతో నెట్టగలదు. నిలువు పనిని నడక పనిగా మార్చేది గిరక. ఇది మొదటి లాభం. ఎద్దులనేవి పొలంలోకి వచ్చాక వాటి బలం నాగలికీ బండికీ పనికొచ్చినట్టే నీళ్లకూ పనికొచ్చింది అంటే, నడుమ ఈ చక్రం ఉండబట్టే.

రెండో లాభం వాలులో ఉంది. గిరక మీదుగా పోయిన తాడును ఏ దిక్కుకైనా లాగొచ్చు కనుక, చదును నేల మీద కాకుండా కిందికి దిగే దారిలో లాగించారు మన పెద్దలు. ఒక జత ఎద్దుల బరువు 700 కిలోలు అనుకుందాం. ఆరడుగులు నడిస్తే ఒక అడుగు దిగే వాలు అనుకుందాం. అప్పుడు ఎద్దుల సొంత బరువులో ఆరో వంతు, అంటే దాదాపు 116 కిలోలు, వాలు వెంట కిందికి లాగే బలంగా మారుతుంది. నీళ్లు 150, బొక్కెన బరువు, గిరక రాపిడి కొంత కలిపినా, ఎద్దులు కండబలంతో పెట్టాల్సింది ఏ 60, 70 కిలోలకో మించదు. అది ఒక మంచి జత రోజంతా కుదురుగా పెట్టగలిగిన లాగుడే. చదును నేల మీద అదే జత చేత అదే బొక్కెన లాగిస్తే గంటలో నురగలు కక్కుతాయి.

ప్రకృతి దగ్గర ఏదీ ఉచితం కాదు కనుక ఆ 116 కిలోల సాయానికి మూల్యం ఉంది. 30 అడుగులు నడిచి 5 అడుగులు దిగిన ఎద్దులు మళ్లీ 5 అడుగులు ఎక్కాలి. కానీ ఎక్కేటప్పుడు బొక్కెన వట్టిది. బరువు మోసేటప్పుడు దిగుడు, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కుడు. ఒకేసారి పడాల్సిన కష్టాన్ని రెండు పాళ్లు చేసి, రెండిటిలోనూ ఓర్చుకోగలిగినంతే పెట్టారు. పుస్తకం చెప్పే యాంత్రిక లాభం 1 దగ్గరే నిలిచింది, తాడులో బలం ఒక్క కిలో కూడా తగ్గలేదు. అయినా ఎద్దులకు పని సులువైంది.

మోట కొట్టేవాడు దిగేటప్పుడు మోకు మీద కూర్చునేవాడు. పిల్లలకు అది ఊయల ఆట, నేనూ ఎక్కాను. ఎందుకు కూర్చోవాలని అడిగితే తాత చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. “మోకు మీద కూసోకపోతే కాడి ఎగిరి ఎద్దుల మెడల మీంచి లేస్తది బిడ్డా. మన బరువు కాడిని కిందికి పట్టుకుంటది.” బాయి దగ్గర ఉన్నప్పుడు మోకు కాడి నుంచి పై గిరకకు నిటారుగా లేచి ఉంటుంది, దాని లాగుడులో కొంత పాలు పైకి పోతుంది. ఆ పాలును మనిషి బరువు అణుస్తుంది, పైగా బిగిసిన తాడును నడుమ నొక్కితే లాగుడూ పెరుగుతుంది. కాలేజీలో సదిశల పాఠం చదివిన రోజు నాకు బొమ్మ గీయాల్సిన పని పడలేదు.

తాడులో బలం తగ్గనప్పుడు ఇంకో గిరక తెచ్చి బొక్కెనకు కట్టి, బలాన్ని సగం చేసుకోవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. కదిలే కప్పీని ఒకటి చేరిస్తే బరువును రెండు తాటి పోగులు పంచుకుంటాయి, లాగాల్సిన బలం సగమవుతుంది. కానీ బొక్కెన ఒక అడుగు లేవడానికి తాడు రెండడుగులు రావాలి. 30 అడుగుల బాయికి 60 అడుగుల దారి కావాలి. ఆ దారి అదే వాలులో దిగితే చివర పదడుగుల గుంత అవుతుంది, వానాకాలం అదే ఇంకో బాయి. పైగా నడక రెట్టింపు అయితే గంటకు వచ్చే బొక్కెనలు సగానికి పడతాయి. తొండం తాడు ఒక పాలు, మోకు రెండు పాళ్లు నడవాల్సి వస్తుంది, రెండూ ఒకే కాడికి కట్టి ఉన్నాయి కనుక మడత నిలవదు, తనంతట తాను ఒలికే ఏర్పాటే పోతుంది. ఒక్క స్థిర గిరకతో ఆగిపోవడం తెలియక కాదు.

కప్పీల వరస కట్టి బలాన్ని ఎన్నో రెట్లు పెంచిన కథలు సముద్రానివి. సిరక్యూజ్ రేవులో సరుకు, జనం నిండిన ఓడను ఆర్కిమెడిస్ ఒక్కడే కూర్చుని కప్పీల వరసతో లాగాడని ప్లూటార్క్ రాశాడు. ఓడకు అది అవసరం: తెరచాపలు బరువు, మనుషులు కొద్దిమంది, తాడు మాత్రం కావలసినంత, లాగడానికి తొందరా లేదు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నాటికి ఒక పెద్ద యుద్ధనౌకకు వెయ్యికి దగ్గరగా కప్పీలు పట్టేవి. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ నౌకాశాల 1803 నుంచి మార్క్ బ్రునెల్ రూపకల్పనతో, హెన్రీ మాడ్స్‌లే చేసిన 45 యంత్రాలతో కప్పీలు తయారుచేయడం మొదలుపెట్టింది. 1808లో ఒక్క ఏడాదిలో 1,30,000 కప్పీలు తీసింది, 110 మంది పనిని 10 మంది చేశారు. ఒకే తీరు వస్తువును యంత్రాల వరస మీద లక్షల్లో చేయడం లోకంలో మొదలైన చోట్లలో అదొకటి. పరిశ్రమల చరిత్రలో కప్పీకి ఇంత పెద్ద పీట ఉందని పాఠంలో చేరిస్తే బాగుండునని నాకెప్పుడూ ఉండేది.

మా ఊరి గిరకను మాత్రం వడ్రంగి ఒక్కొక్కటిగా, బాయిని చూసి చేసేవాడు. నల్లతుమ్మ మొద్దు, నడుమ కమ్మరి సాగదీసిన ఇనుప ఇరుసు. గిరక అడ్డకొలత రెండడుగుల దాకా ఉండేది. ఎందుకంత పెద్దది? రాపిడి అంతా ఇరుసు దగ్గర జరుగుతుంది. గిరక 24 అంగుళాల వెడల్పు, ఇరుసు ఒక అంగుళం లావు అయితే, మోకు 24 అంగుళాలు జరిగినప్పుడు ఇరుసు దగ్గర ఒరుసుకునేది ఒక్క అంగుళం. అదే తాడును రాతి అంచు మీద నుంచి లాగితే జరిగిన పొడవంతా ఒరిపిడే. చేదుకునే పాత బావుల ఒడ్డు రాళ్ల మీద తాళ్లు కోసిన గాళ్లు చూస్తే ఆ ఒరిపిడికి ఎంత చేతిబలం వృథా అయిందో తెలుస్తుంది. గిరక పెద్దది, ఇరుసు సన్నది, నడుమ కందెన. కాలిన గడ్డి మసిని ఆముదంలో కలిపి చేసే కందెన బండి ఇరుసుకూ గిరకకూ ఒకటే. ఆముదాలు మా జిల్లా పంట కనుక దానికి కరువు లేదు. గిరక కిర్రుమంటే పక్క చేని వాళ్లు కేకేసి చెప్పేవాళ్లు, ఎద్దుల బలం చప్పుడుకు పోతున్నదని.

తోలు పని మాదిగవాడలో జరిగేది. చచ్చిన పశువు తోలు ఒలిచి, సున్నంలో వేసి వెంట్రుక తీసి, తంగేడు చెక్క నానిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, తోలు వారుతోనే కుట్టి బొక్కెన, తొండం చేసేవాళ్లు. నీటి బరువుకు కుట్టు విడిపోకూడదు, వారు నీళ్లు తాగి ఉబ్బి సూది బెజ్జాన్ని మూసేయాలి. ఎండలో ఆరితే తోలు పగులుతుంది కనుక ఆముదం పట్టించేవాళ్లు. తెలంగాణ తన రాష్ట్ర పుష్పంగా తంగేడును ఎంచుకున్నప్పుడు అందరికీ బతుకమ్మ గుర్తొచ్చింది. నాకు దాంతోపాటు ఆ చెక్క నీళ్ల కుండలూ గుర్తొచ్చాయి.

ఈ చరిత్రలో దాచకూడని భాగం ఒకటుంది. మామూలు రైతులు ఈ పనివాళ్లకు పంట కాలంలో ఏడాదికి ఇంతని గింజలు కొలిచేవాళ్లు. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల్లో దొరలు, దేశ్‌ముఖులు అది కూడా ఇవ్వలేదు. మోట బొక్కెనలు, కాడి పట్టెడలు, చెప్పులు వెట్టిగా చేసి పెట్టాల్సిందే. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన గ్రంథంలో వెట్టి రూపాల్లో ఈ తోలు పనిని ప్రత్యేకంగా చెప్పాడు. 1946 నుంచి 1951 దాకా సాగిన ఆ పోరాటంలో వెట్టి కూలిన ఊళ్లలో, చేసిన పనికి కూలి అడిగే హక్కు ముందుగా వచ్చినవాళ్లలో బొక్కెన కుట్టిన చేతులున్నాయి. మా ఊరి మోటలన్నిటినీ నిలబెట్టిన ఆ ఇళ్లకు బాయి కింద సెంటు భూమి లేదు. దొర బాయి మోటకు తోలు కుట్టినవాడు తాగే నీళ్లకు ఆ బాయి మెట్టు దిగకూడదు. యంత్రం బాగోగులు చెప్పేటప్పుడు ఈ మాట కూడా అదే గొంతుతో చెప్పాలి.

తర్వాతి రోజుల్లో తోలు బొక్కెన పోయి ఇనుప బొక్కెన వచ్చింది. తొండం మాత్రం తోలుదే ఉండిపోయింది, ఇనుము మడతపడదు కనుక.

మోట ఎంత పండించేది? ఒక బొక్కెన పైకొచ్చి, ఒలికి, తిరిగి ముంచుకోవడానికి నిమిషంన్నర అనుకుంటే గంటకు 40 బొక్కెనలు, 6,000 లీటర్లు. పొద్దున కొంత, సాయంత్రం కొంత కలిపి ఆరు గంటలు కొడితే 36,000 లీటర్లు. ఒక ఎకరం అంతటా పరిస్తే అది 9 మిల్లీమీటర్ల తడి. ఎకరానికి ఒక మంచి తడి ఇవ్వాలంటే ఐదారు రోజులు పడుతుంది, అప్పటికి మొదటి మడి మళ్లీ ఎండుతుంది. అందుకే ఒక మోట కింద ఎకరమో రెండెకరాలో. మిరప, ఉల్లి, రాగి, కొంచెం వరి మడి. నేలంతా నల్లరాతి పొర మీద పరుచుకున్న మా జిల్లాలో వాన పోయిన ఏడాది ఆ ఎకరమే ఇల్లు నిలబెట్టేది. 1876 నుంచి 1878 దాకా దక్కనునంతా, మద్రాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను తుడిచిపెట్టిన కరువు తర్వాత బావుల మీద సర్కారుకూ కన్ను పడింది. బ్రిటిష్ ప్రాంతాల్లో 1883లో భూముల అభివృద్ధి రుణాల చట్టం వచ్చి, తకావి అప్పు తెచ్చి బావి తవ్వుకునే దారి ఏర్పడింది. బావి పెరిగితే మోటా పెరిగింది.

యంత్రాల కాలం కూడా ఆ వైపు నుంచే వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దంలో మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు ఆయిల్ ఇంజన్లతో పంపులు నడిపించి బావి సేద్యంలో కొత్త దారి చూపించాడు. మా దగ్గరికి ఇంజన్లు చాలా ఆలస్యంగా వచ్చాయి. అవి బాయి పైన కూర్చోలేవు: నీళ్లను పీల్చే పంపు ఎంత గొప్పదైనా గాలి పీడనానికి మించి, అంటే 34 అడుగులకు మించి పీల్చలేదు, వాడకంలో పాతిక అడుగులు కూడా కష్టమే. అందుకని బాయి గోడలో గద్దె తొలిచి ఇంజన్ను దాని మీద దింపేవాళ్లు. మోటకు ఆ హద్దు లేదు, తాడు ఎంతుంటే అంత లోతు నుంచి తోడుతుంది, దారి తవ్వుకుంటే చాలు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక స్తంభాలు పొలాల్లోకి నడిచాయి. 5 హార్స్‌పవర్ మోటారు, ఒక జత ఎద్దులు ఆరు గంటలు తోడే 36,000 లీటర్లను అదే 30 అడుగుల లోతు నుంచి అర గంట పైచిలుకులో పోస్తుంది. మోట సగటు శక్తి లెక్కిస్తే ఒక హార్స్‌పవర్‌లో ఐదో వంతే. ఆ తేడా ముందు ఏ రైతూ ఆగడు, ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తెల్లవారకముందే లేచి ఎద్దుల వెంట వెనక్కీ ముందుకూ నడిచిన మనుషుల మోకాళ్లు నేను చూశాను.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. మోట తోడినంత తోడాక ఎద్దులు ఆగేవి, రాత్రి బాయి ఊరేది. తోడే వేగానికీ ఊరే వేగానికీ నడుమ ఎద్దుల అలసట అడ్డుగోడగా ఉండేది. మోటారుకు అలసట లేదు. బావులు ఎండాక బోర్లు వచ్చాయి, బోర్ల మీద బోర్లు వచ్చాయి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం తెచ్చి బోరుకు అనుమతి కావాలంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మంచిదా చెడ్డదా అన్న వాదన వేరే చోట చేసుకోవాలి. నేల కింద నీళ్లు ఎక్కడ ఉండేవి, ఎక్కడికి పోయాయి అన్న ప్రశ్నకు మాత్రం మోట దగ్గర ఒక కొలత ఉంది, అది పోకముందే తీసుకోవాలి.

స్థిర గిరకలో తాడు ఒక అడుగు జరిగితే బొక్కెన ఒక అడుగే లేస్తుందని చెప్పుకున్నాం. కనుక ఎద్దులు నడిచిన పొడవెంతో నీళ్ల లోతు అంత. మోట దారి పొడవే ఆనాటి నీళ్ల మట్టం లెక్క. ఎండాకాలం నీళ్లు ఇంకా దిగితే రైతు దారిని ఇంకా ముందుకు తవ్వేవాడు కనుక, దారి చివర చెప్పేది ఆ బాయి చూసిన అన్నిటికంటే లోతైన వేసవిని. అయితే దారిని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచి అదే లోతనుకోకూడదు. జత నిలబడే జాగాకు పదడుగులు తీసేయాలి. తొట్టి దాటాక పై గిరక దాకా బొక్కెన లేచిన ఎత్తుకు ఐదడుగులు తీసేయాలి. మా ఊళ్లో కంబాలతో సహా మిగిలిన ఒక బాయి దగ్గర దారిని టేపుతో కొలిస్తే 45 అడుగులు వచ్చింది. అంటే నీళ్లు 30 అడుగులు. అదే చేని గట్టు మీది బోరు ఇప్పుడు 400 అడుగుల నుంచి తోడుతున్నది.

పొలాలు చదును చేసే యంత్రాలు ఈ దారులను పూడుస్తున్నాయి, రాతి కంబాలు ఇళ్ల గడపలకు పోతున్నాయి. బడి పిల్లలు ఒక టేపు, ఒక తాడు, ఒక నోటుపుస్తకంతో చేయగలిగిన పని ఇది. బాయి అంచు నుంచి దారి చివరకు పొడవు, చివర దారి ఎంత దిగిందో ఆ లోతు, రెండు కంబాల ఎత్తు, తొట్టి అంచు ఎత్తు, గిరక ఇరుసు కూర్చున్న గాడి వెడల్పు, బాయికి ఎన్ని మోటల జాగా ఉంది. గిరక దొరికితే దాని అడ్డకొలత, ఏ కర్రో. ఊరు పేరుతో, సర్వే నంబరుతో రాసుకోవాలి. బొక్కెన ఎవరు కుట్టేవాళ్లో, వాళ్లకు ఏమిచ్చేవాళ్లో ఆ వాడలోని పెద్దలను అడిగి అదే పుటలో రాయాలి. ఈ పని పెద్దపరీక్షలు అయిపోయిన ఎండాకాలంలో పెట్టుకుంటే మంచిది. అప్పుడు చేలు ఖాళీగా ఉంటాయి, దారి అడుగు దాకా దిగి కొలవొచ్చు.